కాన్పుల మధ్య ఎడం: తల్లికి బలం, బిడ్డకు హక్కు

సకల స్తోత్రాలూ సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనల్ని మాతృగర్భంలో దశలవారీగా రూపుదిద్దాడు. మనం కళ్ళు తెరవకముందే తల్లి రొమ్ములో మన ఆహారాన్ని సిద్ధపరచాడు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మన పల్లెల్లో తరచుగా కనిపించే ఒక దృశ్యంతో నేటి ప్రసంగాన్ని ప్రారంభిస్తాను. పద్దెనిమిదేళ్ళయినా నిండని అమ్మాయికి నికాహ్ జరుగుతుంది. ఏడాది తిరిగేసరికి ఒడిలో బిడ్డ ఉంటాడు. ఆ బిడ్డ ఇంకా పాలు మానకముందే ఆమె మళ్ళీ గర్భవతి అవుతుంది. రెండో కాన్పు అలసట తీరకముందే మూడోది వస్తుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ అమ్మాయి ముఖంలో రక్తం ఉండదు, నడుములో సత్తువ ఉండదు. అప్పుడు పెద్దలు కూర్చుని “ఇక చాలు, ఆపరేషన్ చేయించండి” అంటారు. మొదటి రోజు నుండి చివరి రోజు వరకు ఆమె అభిప్రాయాన్ని ఎవరూ అడగరు.

ఇందులో అల్లాహ్ ధర్మం చూపిన మార్గం ఎంత ఉంది, మన అలసత్వం ఎంత ఉంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే నేటి మన ఉద్దేశం. ఈ మాట స్త్రీలకన్నా ముందు పురుషులమైన మనం వినవలసినది.

దివ్యఖుర్ఆన్ చూపిన గడువు

అల్ బఖర సూరా 233వ ఆయత్‌లో అల్లాహ్ పాలిచ్చే కాలం గురించి సెలవిచ్చాడు. పాలిచ్చే గడువును పూర్తి చేయదలచినవారికి అది నిండు రెండు సంవత్సరాలు. ఆ కాలంలో తల్లికి అన్నవస్త్రాలు సమకూర్చే బాధ్యత తండ్రిపై ఉంది. బిడ్డ కారణంగా తల్లికి గానీ తండ్రికి గానీ హాని కలగరాదు. గడువుకు ముందే పాలు మాన్పించదలిస్తే, అది ఇద్దరి పరస్పర సమ్మతితో, సంప్రదింపుతో జరగాలి.

సోదరులారా! ఒక్కసారి ఆలోచించండి. పాలు మాన్పించడం వంటి చిన్న విషయంలోనే భార్యను సంప్రదించాలని అల్లాహ్ కోరాడు. అలాంటప్పుడు ఆమె దేహాన్ని తొమ్మిది నెలలు మోయించే మరో గర్భం విషయంలో ఆమె మాటకు విలువ లేకుండా ఎలా పోతుంది?

లుఖ్మాన్ సూరాలో తల్లి మోసే గర్భభారాన్ని బలహీనత మీద బలహీనతగా అల్లాహ్ వర్ణించాడు. అహ్ఖాఫ్ సూరాలో గర్భధారణను, పాలు మాన్పించడాన్ని కలిపి ముప్పై నెలలుగా పేర్కొన్నాడు. అంటే కాన్పుతో తల్లి శ్రమ ముగిసిపోదు. గర్భం, పురుడు, పాలివ్వడం ఒకే సుదీర్ఘమైన శ్రమ. ఆ శ్రమ పూర్తి కాకముందే మరో శ్రమను నెత్తిన పెడితే, బలహీనత ఎన్ని పొరలుగా పేరుకుంటుందో మనం గ్రహించాలి.

వెంటవెంటనే కాన్పులైతే దేహంలో ఏం జరుగుతుంది?

ఒక గర్భాన్ని మోయడానికి స్త్రీ దేహానికి సుమారు ఒక గ్రాము ఇనుము అదనంగా కావాలి. చూడడానికి అది చిటికెడు కూడా కాదు. అయితే మనం తినే అన్నం, పప్పు, ఆకుకూరల నుండి దేహం రోజుకు గ్రహించే ఇనుము కొద్ది మిల్లీగ్రాములే. ఖర్చయిన నిల్వ తిరిగి నిండడానికి నెలల తరబడి సమయం పడుతుంది. ఫోలేట్ అనే విటమిన్ సంగతీ ఇంతే. అది గర్భంలోనూ, పాలిచ్చే కాలంలోనూ తరిగిపోతుంది. నిల్వలు నిండకముందే మరో గర్భం వస్తే కొత్త బిడ్డ ఖాళీ గాదె నుండి గింజలు కోరుకున్నట్టవుతుంది.

రక్తహీనతతో ఉన్న తల్లికి అసలు ప్రమాదం కాన్పు వేళ ఎదురవుతుంది. ఆరోగ్యవంతురాలు తట్టుకోగలిగిన రక్తస్రావం రక్తం తక్కువైన స్త్రీకి ప్రాణాంతకం కావచ్చు. 2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 నుండి 49 ఏళ్ళ వయసు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అంటే ఈ మస్జిదులో కూర్చున్న మనలో ఏ ఇద్దరి ఇళ్ళను తీసుకున్నా, ఒక ఇంట్లోనైనా ఈ సమస్య ఉండే అవకాశం ఉందన్నమాట.

బిడ్డ విషయానికి వద్దాం. ఒక కాన్పు తర్వాత ఏడాదిన్నర లోపే మళ్ళీ గర్భం వస్తే, ఆ బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం ఎక్కువగా జరుగుతుందని వైద్యులు గుర్తించారు. అలాంటి పసికందుకు మొదటి నెల రోజులే గండం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కాన్పు తర్వాత కనీసం 24 నెలలు గడిచాకే మరో గర్భానికి ప్రయత్నించాలని, గర్భస్రావమైతే కనీసం ఆరు నెలలు ఆగాలని సిఫారసు చేసింది. ఈ 24 నెలల గడువు రెండేళ్ళు పాలివ్వాలన్న సలహాతో సరిపోతుందని ఆ సిఫారసులోనే చెప్పారు. వైద్యులు పరిశోధించి తేల్చిన గడువూ, పాలిచ్చే తల్లికి అల్లాహ్ ఇచ్చిన గడువూ ఒకేచోట కలిశాయి.

ఒడి నుండి దిగిపోయిన బిడ్డ

వెంటవెంటనే కాన్పులైతే నష్టపోయేది పుట్టబోయే బిడ్డ ఒక్కడే కాదు. ఒడిలో ఉన్న బిడ్డ కూడా నష్టపోతాడు. 1930వ దశకంలో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆఫ్రికాలోని నేటి ఘనా దేశంలో పనిచేసేవారు. కాళ్ళు, ముఖం ఉబ్బి, చర్మం పొరలుగా ఊడి, జుట్టు రంగు మారి మరణిస్తున్న ఒకటి నుండి నాలుగేళ్ళ పిల్లలను ఆమె చూశారు. ఈ జబ్బును మీరేమంటారని స్థానిక స్త్రీలను అడిగితే వారు ‘క్వాషియోర్కర్’ అన్నారు. కొత్త బిడ్డ వచ్చినప్పుడు ఒడి నుండి దిగిపోయిన పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని వారి భాషలో ఆ మాటకు అర్థం. తల్లిపాలు హఠాత్తుగా ఆగిపోయి, వాటి స్థానంలో గంజి తప్ప మరేమీ దొరకని పిల్లలకు ఆ జబ్బు వచ్చేది. నేటికీ వైద్య గ్రంథాలలో అదే పేరు నిలిచి ఉంది.

చదువు రాని ఆ తల్లులు కనిపెట్టిన సత్యం ఇది: ఒక బిడ్డ త్వరగా వస్తే మరో బిడ్డ హక్కు పోతుంది. రెండేళ్ళ పాలు అల్లాహ్ ఆ పసివాడికి ఇచ్చిన హక్కు. తగిన కారణం లేకుండా దానిని లాగివేసే అధికారం మనకు ఎవరిచ్చారు?

ధర్మశాస్త్రం ఏమంటోంది?

ఇక్కడ కొందరు సోదరులకు సందేహం కలుగుతుంది. గర్భం రాకుండా జాగ్రత్తపడటం ధర్మసమ్మతమేనా అని.

దైవప్రవక్త (సల్లం) కాలంలో తెలిసిన పద్ధతి ‘అజ్ల్’. అంటే వీర్యం గర్భాశయంలో చేరకుండా పురుషుడు జాగ్రత్త వహించడం. దివ్యఖుర్ఆన్ అవతరిస్తున్న రోజుల్లోనే తాము అజ్ల్ పాటించేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆ విషయం దైవప్రవక్త (సల్లం) దృష్టికి వచ్చినా ఆయన వారిని వారించలేదని ముస్లిం ఉల్లేఖనంలో ఉంది. అయితే అజ్ల్‌ను రహస్యంగా చేసే శిశుహత్యతో పోల్చిన హజ్రత్ జుదామా (రజి) ఉల్లేఖనం కూడా ముస్లిం గ్రంథంలోనే ఉంది. ఈ రెంటినీ సమన్వయం చేసి, అధిక సంఖ్యాక ధర్మపండితులు అజ్ల్ నిషిద్ధం కాదని, అవసరం లేనిచోట మాత్రం అది ఉత్తమం కాదని నిర్ణయించారు. భార్య అనుమతితోనే అది జరగాలని కూడా వారిలో ఎక్కువమంది అన్నారు. సంతానం కోరుకోవడం ఆమెకూ హక్కే గదా!

ఇమామ్ గజాలీ (రహ్మలై) ఈ విషయాన్ని మరింత వివరంగా చర్చించారు. కాన్పు ప్రమాదం నుండి భార్య ప్రాణాన్ని కాపాడుకోవాలన్న ఉద్దేశాన్నీ, సంతానం ఎక్కువై కలిగే తీవ్ర ఇబ్బందిని నివారించుకోవాలన్న ఉద్దేశాన్నీ ఆయన తప్పుపట్టలేదు. ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయంతో చేస్తే మాత్రం ఆ ఉద్దేశం చెడ్డదన్నారు. గర్భం రాకుండా జాగ్రత్తపడటం వేరు, వచ్చిన గర్భాన్ని తొలగించడం వేరు అని కూడా ఆయన స్పష్టం చేశారు. రెండోది ఉనికిలోకి వచ్చిన ప్రాణిపై దౌర్జన్యం.

మన కాలంలో, 1988 డిసెంబరులో, ముస్లిం దేశాల సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కువైట్‌లో సమావేశమై ఈ విషయంపై తీర్మానం చేసింది. దాని సారాంశం మూడు మాటలు. ఒకటి, సంతానం కనే విషయంలో దంపతుల స్వేచ్ఛను అరికట్టే సార్వత్రిక చట్టం తగదు. రెండు, ధర్మబద్ధమైన అత్యవసరం లేనిదే స్త్రీకి గానీ పురుషునికి గానీ సంతాన శక్తిని శాశ్వతంగా తొలగించడం నిషిద్ధం. మూడు, కాన్పుల మధ్య ఎడం పాటించడానికి లేదా కొంతకాలం గర్భం రాకుండా ఉండడానికి తాత్కాలిక పద్ధతులను వాడవచ్చు. అందుకు తగిన అవసరం ఉండాలి, దంపతులిద్దరూ సంప్రదించుకుని సమ్మతించాలి, హాని కలగకూడదు, పద్ధతి ధర్మసమ్మతమై ఉండాలి, అప్పటికే ఉన్న గర్భానికి నష్టం వాటిల్లకూడదు.

ఉపాధి ప్రదాత అల్లాహ్ గదా అని కొందరు అడుగుతారు. నిస్సందేహంగా! భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి ఆయన చేతిలోనే ఉంది. పేదరికపు భయంతో సంతానాన్ని చంపడాన్ని ఆయన నిషేధించాడు. అల్లాహ్ రావాలని నిర్ణయించిన ప్రాణి ఎలాగూ వచ్చి తీరుతుందని అజ్ల్ సందర్భంలోనే దైవప్రవక్త (సల్లం) బోధించారు. అందుచేత ఎడం పాటించడం విధివ్రాతతో పోరాటం కాదు. ఎద్దు అరకకు విశ్రాంతినిచ్చే రైతు అల్లాహ్ ఇచ్చే పంటను శంకించడం లేదు, అమానతుగా తనకిచ్చిన జీవిని కాపాడుకుంటున్నాడు. భార్య దేహం అంతకన్నా ఎంతో గొప్ప అమానతు. మిమ్మల్ని మీ చేతులతో వినాశంలోకి నెట్టుకోకండన్న ఖుర్ఆన్ హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది.

మత్లబ్ గ్రామాల అనుభవం

బంగ్లాదేశ్‌లో ఢాకాకు ఆగ్నేయంగా మత్లబ్ అనే ప్రాంతం ఉంది. నదీ తీరపు పల్లెలు, పేద రైతులు, మత్స్యకారులు, అత్యధికులు ముస్లిములు. కలరాపై పరిశోధన చేసే సంస్థ ఒకటి 1960వ దశకం నుండి అక్కడి ప్రతి జననాన్నీ, మరణాన్నీ నమోదు చేస్తూ వచ్చింది.

1975లో అక్కడ ఇంటింటికీ గర్భనిరోధక మాత్రలు, తొడుగులు పంచారు. మొదట వాడినవారు పెరిగినా త్వరలోనే మానుకున్నారు. ఎందుకంటే మాత్ర మింగాక తల తిరిగితే, రక్తస్రావం మారితే అడగడానికి మనిషి లేడు. పంచడం ఉంది, పలకరింపు లేదు. ఆ పొరపాటును గుర్తించి 1977 అక్టోబరులో పద్ధతి మార్చారు. సుమారు 70 గ్రామాలలో అక్కడివారే అయిన, పెళ్ళై పిల్లలున్న, కొంత చదువుకున్న సుమారు 80 మంది స్త్రీలను నియమించారు. పర్దా పాటించే స్త్రీలు గడప దాటనక్కరలేకుండా, వీరే రెండు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళేవారు. పలురకాల పద్ధతులను వివరించి, నచ్చినదాన్ని ఎంచుకోనిచ్చేవారు. ఇబ్బంది వస్తే వైద్యం అందేలా చూసేవారు. ప్రక్కనున్న మిగిలిన గ్రామాలలో మామూలు ప్రభుత్వ సేవలే కొనసాగాయి. అందువల్ల రెండు ప్రాంతాలనూ పోల్చి చూడటం సాధ్యమైంది.

రెండేళ్ళు తిరగకముందే ఆ గ్రామాలలో ముగ్గురిలో దాదాపు ఒకరు ఏదో ఒక పద్ధతిని వాడసాగారు. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత 1996లో జరిపిన సర్వేను పరిశీలించినప్పుడు ఆ గ్రామాల తల్లుల కాన్పులు తగ్గాయని, వారి శరీర బరువు మెరుగుపడిందని, వారి పిల్లలలో ఐదేళ్ళు దాటి బతికేవారు పెరిగారని తేలింది. ఇదంతా గర్భనిరోధకాల ఫలితమే అనడం న్యాయం కాదు. ధనుర్వాతం, తట్టు టీకాలు, అతిసారానికి ఉప్పు, చక్కెర కలిపిన ద్రవం కూడా ఆ స్త్రీలే క్రమంగా అందించారు. మరో విషయం కూడా అక్కడ తెలిసివచ్చింది. కాన్పులు తగ్గితే కాన్పు వేళ చనిపోయే తల్లుల సంఖ్య తగ్గుతుంది. అయితే ప్రతి కాన్పులో ఉండే ప్రమాదం తగ్గాలంటే శిక్షణ పొందిన మంత్రసాని, అవసరమైతే ఆసుపత్రి కూడా కావాలి. అందుకే 1987 నుండి అక్కడి పల్లెల్లో మంత్రసానులను కూడా నియమించారు. ఎడం ఒక్కటే సర్వరోగ నివారిణి కాదు, తల్లి రక్షణలో అదొక ముఖ్యమైన భాగం.

మన పల్లెల్లో తలకిందులైన క్రమం

ఇప్పుడు మన వైపు చూద్దాం. పైన చెప్పిన జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. తాత్కాలిక పద్ధతులన్నీ కలిపినా రెండు రాష్ట్రాల్లోనూ ఐదు శాతానికి చేరలేదు. ముస్లిం కుటుంబాలు ఈ ధోరణికి దూరంగా ఏమీ లేవు. అదే సర్వేలో 20–24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 29 శాతం, తెలంగాణలో సుమారు 23 శాతం ఉన్నారు.

సోదరులారా! ఈ అంకెలను ఫిఖ్హ్ తీర్మానం ప్రక్కన పెట్టి చూడండి. పండితులు అనుమతించిన తాత్కాలిక ఎడాన్ని మనం దాదాపు వదిలేశాం. వారు అత్యవసరానికే పరిమితం చేసిన శాశ్వత పద్ధతిని మామూలు విషయం చేసుకున్నాం. కొద్ది ఏళ్ళలో కాన్పులన్నీ గుప్పించి, ఆపై తలుపు శాశ్వతంగా మూసివేస్తున్నాం. తల్లి దేహానికి మేలు చేసేది కాన్పుల మధ్య ఎడం. అదే మన దగ్గర లేదు. ఆపరేషన్ తర్వాత ఏ ప్రమాదంలోనో బిడ్డ పోతే, ఆ తల్లి కడుపుకోతకు మన దగ్గర జవాబు ఉండదు.

మన సమాజంలో ఈ విషయంపై అపనమ్మకం ఉందంటే దానికి కారణం లేకపోలేదు. అత్యవసర పరిస్థితి కాలంలో 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో బలవంతం ఎంత ఉందో పెద్దలకు తెలుసు. ప్రభుత్వాల మాట కూడా కాలంతో మారుతుంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో రద్దు చేసింది. మన కొలమానం జనాభా లెక్క కాదు. ఎందరు పిల్లలన్నది దంపతులు, వారి ప్రభువు మధ్య విషయం. ఆ పిల్లలు, ఆ తల్లి క్షేమంగా ఉన్నారా లేదా అన్నదే రేపు మనల్ని అడిగే ప్రశ్న. ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి కాపరీ ప్రశ్నించబడతాడు.

ఆచరణలో ఏం చేయాలి?

మొదటిది, తల్లిపాలు. బిడ్డకు ఆరు నెలలు నిండకముందు, తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టకుండా రాత్రింబవళ్ళు పాలిస్తూ, బహిష్టు ఇంకా మొదలుకాకపోతే గర్భం వచ్చే అవకాశం రెండు శాతం లోపే. ఈ మూడు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోతుంది. “పాలిస్తున్నాం గదా” అని ఏడాదిపాటు ధీమాగా ఉండటం పొరపాటు.

రెండోది, పురుషుని వంతు. సహాబీల కాలపు పద్ధతిలో జాగ్రత్త వహించింది పురుషుడే. అజ్ల్ ఎంతో నమ్మదగినది కాదు, నేటి తొడుగు దానికన్నా మెరుగైనది. భార్య దేహంలో ఏ మందూ చేరనక్కరలేదు. భారమంతా ఆమెపై వేసే మనకు ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మూడోది, వైద్యుల పర్యవేక్షణలో వాడేవి. వారానికి వేసుకునే ‘ఛాయ’ మాత్రను లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించింది. అందులో హార్మోన్లు లేవు, పాలిచ్చే తల్లులు వాడవచ్చు. మొదటి మూడు నెలలు మాత్రం వారానికి రెండుసార్లు వేసుకోవాలి. ‘అంతర’ ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి తీసుకోవాలి. అది ఆపాక మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతమాత్రాన వంధ్యత్వం రాదు. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి తగవు. కాపర్-టీ కొన్నేళ్ళు పనిచేస్తుంది, తీసివేస్తే సంతాన శక్తి తిరిగి వస్తుంది. దాని విషయంలో కొందరు పండితులు చర్చించారు గనుక సందేహమున్నవారు తమ ముఫ్తీని అడగాలి. ఇవన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఏది ఎవరికి సరిపడుతుందో నర్సమ్మ, డాక్టరు పరీక్షించి చెబుతారు. గుండెజబ్బు, రక్తపోటు వంటివి ఉంటే దాచకూడదు.

నాలుగోది, కాన్పు తర్వాత ఆరు నెలల వరకు ఇనుము మాత్రలు ఆపకూడదు. ఐదోది, అమ్మాయి వయసు, దేహం పరిపక్వం కాకముందే నికాహ్‌కు తొందరపడకూడదు. ఆరోది, మామలకూ అత్తలకూ నా విన్నపం: కోడలికి ఏడాదిలో మరో కాన్పు కాలేదని ఎత్తిపొడవకండి. ఆమె పాలిస్తున్న బిడ్డ కూడా మీ వంశమే.

మాన్యులారా! నేడు ఇంటికి వెళ్ళాక మీ భార్య ప్రక్కన కూర్చుని ఒక్క మాట అడగండి: నీ ఆరోగ్యం ఎలా ఉంది, మనం ఎంతకాలం ఆగుదాం? బహుశా ఇన్నేళ్ళలో మనం అడగని ప్రశ్న అదే. ఆ సంప్రదింపు ఖుర్ఆన్ కోరినదే.

ఓ అల్లాహ్! మా తల్లులపై, మా భార్యలపై, మా పసిబిడ్డలపై కారుణ్యం చూపు. వారి హక్కులు తెలుసుకుని నెరవేర్చే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. కాన్పు వేదనలో ప్రాణాలు కోల్పోయిన మా సోదరీమణులకు షహాదత్ స్థానాన్ని అనుగ్రహించు. మా సంతానాన్ని ఆరోగ్యవంతులుగా, సజ్జనులుగా, మా కళ్ళకు చలువగా చేయి. ఆమీన్.